బడి ప్రార్థనా, సండే స్కూలా?

చర్చి బడిలో వేస్తే చాలు, భక్తి దానంతటదే అబ్బుతుందని చెన్నైలో మాలాంటి తెలుగు క్రైస్తవ కుటుంబాలు చాలా అనుకుంటాయి. మా పాప అలాంటి బడిలోనే మూడో తరగతి. ఆదివారం చర్చిలో తెలుగు ఆరాధనతో పాటు పిల్లలకి బైబిలు నేర్పే సండే స్కూలూ ఉంది.

బడి బలమల్లా రోజూ జరగడం. పొద్దున అసెంబ్లీలో ఒక పాట, రెండు వచనాలు, కళ్లు మూసుకుని ప్రార్థన. వరుసలో అన్ని మతాల పిల్లలూ ఉంటారు కాబట్టి టీచర్లు క్షమించడం, పంచుకోవడం దగ్గర ఆగుతారు. ఆగాలి కూడా. ప్రభుత్వ గుర్తింపు గానీ సాయం గానీ ఉన్న బడిలో సంరక్షకుల అనుమతి లేకుండా పిల్లల్ని మతబోధకో ఆరాధనకో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28(3) అధికరణం చెబుతోంది.

సండే స్కూలు వారానికి గంటే. కానీ అక్కడ ప్రశ్నలు నడుస్తాయి. తనని గోతిలో పడేసిన అన్నల్ని బైబిలు కథలోని యోసేపు ఎందుకు క్షమించాడని మా పాప అడిగితే, టీచరమ్మ పాఠం పక్కనపెట్టి "తమ్ముడి మీద నీ కోపం ఎంతసేపుంటుందే?" అంది. ఆ సాయంత్రం పాప వాడికి రంగు పెన్సిళ్లు ఇచ్చింది. మొండి ముక్కలే అనుకోండి!

ఇక భాష. బడిలో యేసు నేర్పిన పరలోక ప్రార్థన ఇంగ్లీషులో, తమిళంలో వచ్చేసింది. ఊరి నుంచి నాయనమ్మ ఫోన్లో తెలుగులో మొదలుపెడితే మాత్రం నోరు మెదపలేదు. సండే స్కూల్లో చేరిన మూడు నెలలకి చివరిదాకా చెప్పింది.

ఒక్కటే ఎంచుకోమంటే నా ఓటు ఆదివారానికే, ఆ పొద్దున పాపని నిద్రలేపడం ఎంత యుద్ధమైనా.