విక్సెల్ లేజరా, డీఎఫ్‌బీ లేజరా?

10జీ (సెకనుకు 10 గిగాబిట్ల) ఫైబర్ లింక్ చివర్లలో పెట్టే, సిగ్నల్‌ని కాంతిగా మార్చే మాడ్యూల్ ఎస్‌ఆర్ (తక్కువ దూరానికి) తీసుకోవాలా, ఎల్‌ఆర్ (ఎక్కువ దూరానికి) తీసుకోవాలా అన్న ప్రశ్న నిజానికి లోపలున్న లేజర్ గురించే. ఎస్‌ఆర్‌లో ఉండేది 850 నానోమీటర్ల విక్సెల్ (VCSEL) లేజర్. కాంతి చిప్ పైముఖం నుంచే బయటికొస్తుంది కాబట్టి వేఫర్‌ని (చిప్‌లన్నీ కలిసి ఉండే పలకని) కోయకముందే ఒక్కో లేజర్‌నీ పరీక్షించవచ్చు. అందుకే చవక. కరెంటూ తక్కువే తీసుకుంటుంది. కానీ మల్టీమోడ్ (కాంతి అనేక దారుల్లో వెళ్లే) ఫైబర్ రకాల్లో ఓఎమ్3 కేబుల్‌పై 300 మీటర్లు, ఓఎమ్4పై 400, అంతే.

ఎల్‌ఆర్‌లోని డీఎఫ్‌బీ (DFB) లేజర్ సంగతి వేరు. లోపల చెక్కిన గ్రేటింగ్ (సన్నని గాళ్ల వరుస) ఒకే తరంగదైర్ఘ్యాన్ని నిలబెడుతుంది. 1310 నానోమీటర్ల దగ్గర సింగిల్‌మోడ్ (కాంతి ఒకే దారిలో వెళ్లే) ఫైబర్‌లో నష్టం కిలోమీటరుకు సుమారు 0.35 డెసిబెల్ మాత్రమే, 10 కిలోమీటర్లు హాయిగా వెళ్తుంది. ఇబ్బందల్లా శుభ్రతతోనే. మల్టీమోడ్‌లో కోర్ (కాంతి వెళ్లే నడిమి భాగం) 50 మైక్రాన్లు, ఇక్కడ 9 మాత్రమే. కనెక్టర్ కొన మీద చిన్న దుమ్ము రేణువు ఉన్నా సిగ్నల్ దెబ్బతింటుంది. పెట్టే ముందు ప్రతిసారీ స్కోపులో (కనెక్టర్ కొనని పెద్దదిగా చూపే పరికరంలో) చూసి తుడవాల్సిందే. (వెలుగు కనబడట్లేదు కదా అని కొనలోకి నేరుగా చూడకండి, రెండింటిలో ఏదైనా సరే.)

ఒకే ర్యాక్ వరుసలోని సర్వర్లకు విక్సెల్ చాలు. భవనం నుంచి భవనానికైతే, దూరం 200 మీటర్లే అయినా, నేను సింగిల్‌మోడే వేయమంటాను. రేపు 100జీ కావాలంటే దాని ఎస్‌ఆర్ రకమైన ఎస్‌ఆర్4 మాడ్యూల్ ఓఎమ్4పై 100 మీటర్ల దగ్గరే ఆగిపోతుంది. సింగిల్‌మోడ్ ఉంటే మాడ్యూళ్లు మారిస్తే సరి, పూడ్చిన కేబుల్‌ని తవ్వి తీయనక్కర్లేదు.