రూట్ చేసిన ఫోన్‌తో మూడేళ్లు

2021 ఆగస్టులో కొన్న ఫోన్‌ను 2022 జూన్‌లో మ్యాజిస్క్ అనే సాధనంతో రూట్ చేశాను, అంటే సిస్టమ్ లోపలి భాగాలను మార్చుకునే పూర్తి అధికారాన్ని నా చేతికి తెచ్చుకున్నాను. అప్పటి నుంచి 2025 వేసవి దాకా నాకున్న ఫోన్ అదొక్కటే. ఈ మూడేళ్లలో రూట్ వల్ల పొందినవి చాలానే ఉన్నాయి. పోగొట్టుకున్నవి మాత్రం దాదాపు అన్నీ మొదటి రెండు రోజుల్లోనే పోయాయి. అంతకు ముందు ఒక పూట కూర్చుని భద్రపరచుకుని ఉంటే వాటిలో ఒక్కటీ పోయేది కాదు. అందుకే ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ రెండు రోజుల గురించే రాస్తున్నాను.

నేను రూట్ చేసింది తెలుగు అక్షరాల కోసం. ఆండ్రాయిడ్‌తో వచ్చే నోటో తెలుగు ఫాంట్ చదవడానికి పనికివస్తుంది గానీ, రోజూ రెండు గంటలు ఫోన్‌లోనే తెలుగు చదివే నాకు మండలి ఫాంట్ గుండ్రదనం కావాలనిపించింది. సిస్టమ్ అంతటికీ ఆ ఫాంట్ పెట్టుకోవడానికి నా ఫోన్‌లో మరో మార్గం కనబడలేదు.

రూట్ చేయడానికి ముందు బూట్‌లోడర్ (ఆండ్రాయిడ్‌ను లేపే ప్రోగ్రామ్) అన్‌లాక్ చేయాలి. అందుకు 168 గంటలు ఆగమని ఫోన్ చెప్పింది. ఆ ఏడు రోజులూ సన్నాహానికి సరిపోయేవి. నేను మాత్రం ఎప్పుడు పూర్తవుతాయా అని గంటలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. అన్‌లాక్ చేయగానే ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది. దొంగ చేతికి చిక్కిన ఫోన్‌ను ఇలా అన్‌లాక్ చేసి లోపలివి చదవకుండా పెట్టిన రక్షణ అది. ఈ సంగతి తెలుసు కనుక ఫోటోలు కంప్యూటర్‌లోకి మార్చుకున్నాను, వాట్సాప్ సంభాషణలను డ్రైవ్‌లో దాచుకున్నాను. లాగిన్‌కు ఆరంకెల కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ సంగతి మాత్రం తట్టలేదు. అందులోని ఖాతాలు ఆ ఫోన్‌లో తప్ప మరెక్కడా లేవు. ఆఫీసు ఖాతాను అక్కడి సిబ్బంది మరునాడే సరిచేశారు. పదేళ్లుగా వాడుతున్న నా సొంత మెయిల్ తిరిగి నా చేతికి రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ ఖాతా ఇచ్చే బ్యాకప్ కోడ్‌లను ముందే కాగితం మీద రాసి పెట్టుకుని ఉంటే అది ఐదు నిమిషాల పని.

అన్‌లాక్ చేసిన రాత్రే అసలు కష్టం మొదలైంది. మ్యాజిస్క్ సిస్టమ్ విభాగాన్ని ముట్టుకోదు. ఫోన్ లేవగానే మొదట నడిచే బూట్ ఇమేజ్ అనే ఫైలును సవరించి, దాని ద్వారానే రూట్ అధికారం ఇస్తుంది. (ఆండ్రాయిడ్ 13తో విడుదలైన ఫోన్లలో ఎక్కువగా దాని బదులు ఇనిట్ బూట్ అనే మరో ఇమేజ్‌ను సవరించాలి.) కాబట్టి ఆ ఇమేజ్ ఫోన్‌లో అప్పుడు నడుస్తున్న బిల్డ్ నంబర్‌దే (సాఫ్ట్‌వేర్ కూర్పు సంఖ్య) అయి ఉండాలి. మోడల్ పేరు కలిస్తే చాలుననుకున్నాను. మూడు వారాల ముందే నా ఫోన్ అప్‌డేట్ తీసుకుంది, నేను దించుకున్న ఇమేజ్ అంతకు ముందు బిల్డ్‌ది. దాన్ని ఎక్కించి రీస్టార్ట్ చేస్తే కంపెనీ గుర్తు కనబడడం, తెర నల్లబడడం, మళ్లీ గుర్తు కనబడడం, ఇంతే. అసలు బూట్ ఇమేజ్‌ను నేను దాచుకోలేదు.

అది ఆదివారం రాత్రి తొమ్మిది గంటల సమయం. నా బిల్డ్‌కు సరిపోయే పూర్తి ఫర్మ్‌వేర్ (ఫోన్ సాఫ్ట్‌వేర్ మొత్తం ఉండే ఫైలు) 4 జీబీకి పైగా ఉంది. ఇంట్లో వైఫై లేదు. కంప్యూటర్‌కు ఇంటర్నెట్ ఇచ్చేది హాట్‌స్పాట్‌గా ఆ ఫోనే. అమ్మ ఫోన్‌లో ఉన్నది రోజుకు 1.5 జీబీ ప్యాక్. యూపీఐ లేదు, బ్యాంకు ఓటీపీలు రావు, ఉదయం అలారం కూడా ఆ ఫోన్‌లోదే. మనిషికి సంబంధించిన ఇన్ని పనులు ఒకే పరికరం మీద ఆధారపడి ఉన్నాయన్న సంగతి అది ఆగిపోయిన రాత్రి గానీ నాకు పూర్తిగా అర్థం కాలేదు.

కంగారులో చేసిన పని అంతకంటే పెద్ద నష్టం తెచ్చింది. అమ్మ ఫోన్‌లో వెతికితే, ఫోన్ నిల్వలోని పర్సిస్ట్ అనే విభాగాన్ని తిరగరాస్తే ఫోన్ లేస్తుందని ఎవరో ఇచ్చిన సలహా దొరికింది. ఆ ఫైలు చిన్నది కనుక వెంటనే దించుకుని, తాత్కాలికంగా టీడబ్ల్యూఆర్‌పీ రికవరీ (ఆండ్రాయిడ్ లేవకపోయినా నడిచే మరమ్మతు సాధనం) నడిపి అక్కడి నుంచి ఎక్కించేశాను. పర్సిస్ట్‌లో ఉండేవి ఫ్యాక్టరీలో ఒక్కొక్క ఫోన్‌కు విడిగా కొలిచి రాసిన సెన్సర్ల అమరిక విలువలు. ఒక ఫోన్‌వి మరొక దానికి సరిపోవు. మరునాడు పక్కింటివారి వైఫైతో ఫర్మ్‌వేర్ దించి, అందులోంచి సరైన బూట్ ఇమేజ్ తీసి ఎక్కిస్తే నిమిషంలో ఫోన్ లేచింది. వేలిముద్ర మాత్రం ఆ రోజు నుంచి నమోదు కాలేదు. 128 ఎంబీల బూట్ ఇమేజ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉండి ఉంటే నేను పర్సిస్ట్ జోలికే వెళ్లేవాడిని కాను. చాలా ఫోన్లలో సవరించిన ఇమేజ్‌ను ఎక్కించకుండా ఫాస్ట్‌బూట్ (కంప్యూటర్ నుంచి ఆదేశాలు తీసుకునే మోడ్) ద్వారా ఒక్కసారికి నడిపి చూసే వీలుంది; అది సరిగా నడవకపోతే రీస్టార్ట్‌తో పాత స్థితికి వస్తుంది. అది కూడా ఆ తరువాతే తెలుసుకున్నాను.

మా పిన్నిగారి అబ్బాయికి ఇంకా ఘోరం జరిగింది. బ్యాంకు యాప్ పనిచేయడం లేదని, రూట్ తీసివేయకుండానే బూట్‌లోడర్‌ను తిరిగి లాక్ చేశాడు. సిస్టమ్ మారి ఉందని గుర్తించిన ఫోన్ లేవనే లేదు; లాక్ పడింది కనుక ఇమేజ్‌లు ఎక్కించనివ్వనూ లేదు. లాక్ చేసే ముందు మొత్తం అసలు ఫర్మ్‌వేర్ తిరిగి పెట్టవలసిందేనని ఎవరు అడిగినా రెండుసార్లు చెబుతాను.

మొదటి వారం దాటిన తరువాత ఫోన్ నాకు నిజంగా నచ్చింది. ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకున్నాను. నాలుగేళ్ల బ్యాటరీ ఇప్పటికీ సాయంత్రం దాకా వస్తోంది. యాప్‌లను వాటి డేటాతో సహా దాచుకోగలిగాను. మండలి అక్షరాలలో చదవడం అనుకున్నంత హాయిగానూ ఉంది, అయితే మెనూల్లో పంక్తుల ఎత్తు చాలక ఒత్తులు కింద తెగిపోయేవి. ఆండ్రాయిడ్ 12 అప్‌డేట్ తరువాత ఆ ఫాంట్ పెట్టిన మాడ్యూలే (మ్యాజిస్క్‌కు జోడించే చిన్న ప్యాకేజీ) ఫోన్‌ను మళ్లీ లోగో దగ్గర ఆపేసింది. సేఫ్ మోడ్‌లో లేపితే మ్యాజిస్క్ మాడ్యూళ్లన్నీ ఆగిపోతాయని అప్పటికి తెలుసు కనుక పది నిమిషాల్లో బయటపడ్డాను. అక్కరలేని యాప్‌ల తొలగింపు కోసమే రూట్ చేయాలనుకునేవారికి ఒక మాట: ఆ పని కంప్యూటర్ నుంచి ఏడీబీ అనే ఆదేశాల సాధనంతో రూట్ లేకుండానే చాలా వరకు అవుతుంది.

డబ్బు విషయంలో మాత్రం ఎంత సన్నాహం చేసినా సరిపోదు. మొదట్లో డినైలిస్ట్‌తో (ఎంచుకున్న యాప్‌ల దగ్గర మ్యాజిస్క్ తప్పుకునే జాబితా), ఒకటి రెండు మాడ్యూళ్లతో బ్యాంకు యాప్‌లు నడిచేవి. ఫోన్‌లో మార్పులు జరిగాయో లేదో యాప్‌లకు చెప్పే సేఫ్టీనెట్ తనిఖీ స్థానంలో గూగుల్ ప్లే ఇంటెగ్రిటీని తెచ్చింది. 2025 మే నుంచి ఆండ్రాయిడ్ 13, ఆపై ఫోన్లలో దాని తనిఖీ మరింతగా హార్డ్‌వేర్ మీద ఆధారపడుతోంది. బూట్‌లోడర్ తెరిచి ఉందో లేదో చిప్‌లోని సురక్షిత భాగమే సంతకం చేసి చెబుతుంది కనుక, దాన్ని దాటాలంటే ఎక్కడో లీకైన, ఆ సంతకానికి వాడే కీలుండే కీబాక్స్ ఫైళ్లను తెచ్చిపెట్టుకోవాలి. రూట్ అధికారం పొందిన మాడ్యూల్ ఫోన్‌లోని ప్రతి యాప్ సమాచారాన్నీ చదవగలదు. ఎవరు రాశారో తెలియని అలాంటి మాడ్యూల్ ఉన్నచోట యూపీఐ పిన్ కొట్టడానికి నా మనసు ఒప్పుకోలేదు.

అందుకే 2025 జూన్‌లో రూట్ చేయని మరో ఫోన్ కొని, సిమ్, బ్యాంకు యాప్‌లు అందులోకి మార్చాను. పాత ఫోన్‌ను చదువుకోవడానికి ఉంచుకున్నాను. దాని ప్రస్తుత బిల్డ్ బూట్ ఇమేజ్, పూర్తి ఫర్మ్‌వేర్, ఇప్పుడున్న స్థితిలోని పర్సిస్ట్, మోడెమ్ విభాగాల నకళ్లు ఒక పెన్‌డ్రైవ్‌లో ఉన్నాయి. బిల్డ్ నంబర్ దాని మీద రాసి అంటించాను. ఫోన్ వెనుక ఉన్న వేలిముద్ర గుంటలోకి అలవాటుగా వేలు ఇప్పటికీ వెళుతుంది, ఆ తరువాత పిన్ కొట్టి తెరుస్తాను.