బ్రిటన్‌లో సెకండ్ హ్యాండ్ డైవింగ్ కిట్: డబ్బు పంపే ముందు ఇది చదవండి

“డ్రైసూట్, రెగ్యులేటర్, 12 లీటర్ల స్టీల్ సిలిండర్. సెట్ మొత్తం 450 పౌండ్లు. నాలుగైదు సార్లకు మించి వాడలేదు.” ఇలాంటి ప్రకటన నమ్మి మనవాళ్ళలో ఒకరు కొన్నారు. విప్పి చూస్తే పైన పటారం, లోన లొటారం. నీళ్ళు ఒంటికి తగలకుండా కాపాడే డ్రైసూట్ జిప్ పక్కన గుడ్డ చీలి ఉంది. సిలిండర్ గాలిని ఊపిరికి అందించే రెగ్యులేటరేమో వెచ్చటి నీళ్ళకే పనికొచ్చేది. సిలిండర్ టెస్ట్ గడువు దాటిపోయింది. అమ్మినతను మెసేజ్‌లకు పలకడం లేదు. జిప్ మార్పించడానికే రెండు వందల పౌండ్లు అటూ ఇటూ అవుతుంది. రెగ్యులేటర్ సర్వీసుకు వంద దాకా పెట్టినా దాన్ని ఇక్కడి చలి నీళ్ళలో వాడకూడదు.

ముందు ఆ రెగ్యులేటర్ సంగతే చూద్దాం. రుషికొండలోనో అండమాన్‌లోనో 27, 28 డిగ్రీల నీళ్ళలో నేర్చుకుని వచ్చినవాళ్ళకు ఏ రెగ్యులేటరైనా ఒకటే అనిపిస్తుంది. ఇక్కడ లెస్టర్‌షైర్‌లోని స్టోనీ కోవ్, సోమర్సెట్‌లోని వాబ్‌స్టర్ కీ లాంటి నీళ్ళు నిండిన పాత క్వారీల్లో చలికాలం నీళ్ళు 5 డిగ్రీల దరిదాపుల్లో ఉంటాయి. వేసవిలో పైపొర వెచ్చబడుతుంది గానీ లోతుకు దిగితే మళ్ళీ చలే. సముద్రం మీద ఆశ పెట్టుకోవద్దు, ఏప్రిల్లో ఎండ చూసి దిగినా నీళ్ళు పది డిగ్రీల చుట్టుపక్కలే ఉంటాయి.

యూరప్ ప్రమాణం ఈఎన్ 250 పది డిగ్రీల కంటే చల్లగా ఉన్నవాటినే చల్లటి నీళ్ళుగా లెక్కిస్తుంది. ఆ పరీక్షకు నిలవని రెగ్యులేటర్ మీద, “కంటే పైన” అని చెప్పే > గుర్తు పక్కన 10 డిగ్రీలు అని చెక్కి ఉంటుంది. ఫొటోలో ఆ వైపు కనిపించకపోతే దగ్గరగా తీసి పంపమని అడగండి. ఈఎన్ 250 పక్కన ‘ఏ’ అక్షరం కూడా ఉంటే ఇంకా మంచిది. గాలి అయిపోయిన తోటి డైవర్ మీ ఆక్టోపస్ (తోటివాళ్ళకిచ్చే అదనపు మౌత్‌పీస్) అందుకుని, ఇద్దరూ ఒకే ఫస్ట్ స్టేజ్ (సిలిండర్‌కు బిగించే భాగం) మీద ఊపిరి పీల్చే పరిస్థితికీ దాన్ని పరీక్షించారని అర్థం.

ఈ గుర్తును ఇంతగా పట్టించుకోవడానికి కారణం ఉంది. సిలిండర్‌లో 200 బార్ ఒత్తిడితో ఉన్న గాలి ఫస్ట్ స్టేజ్ దాటేసరికి చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే తొమ్మిది, పది బార్లు మాత్రమే ఎక్కువ ఉండేలా పడిపోతుంది. అలా వ్యాకోచించే గాలి విపరీతంగా చల్లబడుతుంది. సీల్ లేని పిస్టన్ రకంలో స్ప్రింగ్ చుట్టూ ఉన్న నీళ్ళే గడ్డకట్టి వాల్వ్ తెరుచుకున్నట్టే ఉండిపోతుంది. ఒత్తిడి పెరిగి నోట్లో పెట్టుకునే సెకండ్ స్టేజ్ నుంచి గాలి ఆగకుండా తన్నుకొస్తుంది. ఎంత వస్తే అంత చల్లబడుతుంది, ఎంత చల్లబడితే మంచు అంత గట్టిపడుతుంది. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ అంటే 2,400 లీటర్ల గాలి, అది కొద్ది నిమిషాల్లో ఖాళీ. అందుకే నీళ్ళను స్ప్రింగ్ దాకా రానివ్వని ఎన్విరాన్‌మెంటల్ సీల్ ఉన్న, పిస్టన్‌కు బదులు పల్చటి పొరతో పనిచేసే డయాఫ్రమ్ రకం కొనండి. అది ఉన్నా సరే, ఒడ్డున చలిగాలిలో నిలబడి రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని ఊదిచూడకండి. ఊపిరిలోని తేమ లోపల గడ్డకడుతుంది.

అసలు మోసం ఎక్కువగా జరిగేది డ్రైసూట్ దగ్గర. మెడ దగ్గర నీళ్ళు లోపలికి రాకుండా పట్టే లేటెక్స్ రబ్బరు సీల్ పాతబడితే జిగటగా అవుతుంది. దాని మీద టాల్కమ్ పౌడర్ చల్లి మారేడుకాయ చేస్తారు. పౌడర్ తుడిచి, వెలుతురుకు ఎదురుగా పట్టి మెల్లగా సాగదీయండి. సన్నటి పగుళ్ళు కనిపించినా వేలికి అంటుకున్నా మార్చాల్సిందే. సీల్ అయితే ఏదోలా సర్దుకోవచ్చు, జిప్ అలా కాదు. ఇత్తడి పళ్ళ జిప్‌ను కొంచెం కొంచెంగా వంచుతూ ఈ కొస నుంచి ఆ కొస దాకా చూడండి. భుజం మీద మడతపడే చోట పళ్ళ మధ్య గుడ్డ పీచులు లేస్తుంది, అక్కడి నుంచే నీళ్ళు వస్తాయి. ప్లాస్టిక్ జిప్ అయితే మూసుకునే చివర పగుళ్ళు వెతకండి.

అమ్మేవాళ్ళ ఇంట్లోనే చేయగల పరీక్ష ఒకటుంది. రెండు చేతుల సీల్స్‌లో ప్లాస్టిక్ బాటిళ్ళు, మెడ సీల్‌లో పిల్లల బంతి పెట్టి, జిప్ మూసి, గాలిని బయటికి వదిలే, ఎడమ చేతి మీది డంప్ వాల్వ్‌ను గడియారం తిరిగే దిశలో పూర్తిగా బిగించండి. ఛాతీ మీది ఇన్లెట్ వాల్వ్ నుంచి గాలి నింపి అరగంట వదిలేయండి. సబ్బు నీళ్ళు పూస్తే బుడగలు ఎక్కడ లేస్తే అక్కడ లీకు. ఈ మాత్రం దానికి ఒప్పుకోనివాడి దగ్గర కొనకండి.

కొలత లోపల వేసుకునే అండర్‌సూట్‌తోనే చూసుకోవాలి. అండర్‌సూట్ స్థానంలో కాటన్ బట్టలు మాత్రం వద్దు, తడిస్తే వెచ్చదనం ఇవ్వవు. సూట్ వేసుకుని గొంతుక్కూర్చోండి, రెండు చేతులూ తలపైకి ఎత్తండి. ఎక్కడా లాగకూడదు. అలాగని “రెండు సైజులు పెద్దదైనా ఫర్వాలేదు” అన్న మాటా వినొద్దు. బూటు వదులైతే గాలి పాదాల్లోకి చేరి కాళ్ళు పైకి, తల కిందికి అవుతుంది. ఫిన్ (కాలికి తొడిగే ఈత రెక్క) ఊడిపోతుంది. డంప్ వాల్వ్ చేతి మీద ఉంటుంది కాబట్టి ఆ భంగిమలో గాలి బయటికి పోదు, మనిషి ఆపుకోలేని వేగంతో పైకి తేలిపోతాడు.

సిలిండర్ విషయంలో లెక్కతో బురిడీ కొట్టిస్తారు. బ్రిటన్‌లో స్కూబా సిలిండర్‌కు ఐదేళ్ళకోసారి నీటి ఒత్తిడితో చేసే హైడ్రాలిక్ టెస్ట్, మధ్యలో రెండున్నరేళ్ళకు లోపల చూసే విజువల్ టెస్ట్. మెడ దగ్గర హైడ్రాలిక్ ముద్ర 2022/04 అని ఉందనుకోండి. “2027 ఏప్రిల్ దాకా టెస్ట్ ఉంది” అంటారు. 2024 అక్టోబర్‌కల్లా పడాల్సిన విజువల్ ముద్ర లేకపోతే షాపువాళ్ళు గాలి నింపరు. పూర్తిగా ఖాళీగా ఇస్తే అనుమానించండి, లోపలికి నీళ్ళు పోయి ఉండవచ్చు. వంచి కదిపితే తుప్పు రాలుతున్న చప్పుడు తెలుస్తుంది. ఇంకొకటి: 300 బార్ వాల్వ్ ఉన్న సిలిండర్‌కు 232 బార్ డిన్ (మరలా తిప్పి బిగించే రకం) రెగ్యులేటర్ గాలి పోకుండా బిగుసుకోదు.

ఫిన్స్‌ది చిన్న విషయమే. చెప్పులా పాదానికి తొడిగే రకం డ్రైసూట్ బూటు మీద పట్టదు. వెనక స్ట్రాప్ ఉన్నది, పాదం పెట్టే చోటు పెద్దది కావాలి.

డబ్బు పంపడం దగ్గర కూడా కాస్త చూసుకోండి. పేపాల్‌లో ‘ఫ్రెండ్స్ అండ్ ఫ్యామిలీ’ కింద పంపమని అడిగితే అక్కడే ఆగిపోండి, దానికి కొనుగోలు రక్షణ ఉండదు. బ్యాంకు ట్రాన్స్‌ఫర్ కూడా అంతే. ప్రైవేటు వ్యక్తి అమ్మిన వస్తువుకు షాపు మీద ఉన్నన్ని హక్కులు ఉండవు, ప్రకటనలో చెప్పినట్టు ఉండాలన్నదే మీ ఆధారం. కాబట్టి ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకోండి, “లీకు లేదు, టెస్ట్‌లో ఉంది” అన్న మాటలు రాతలో తీసుకోండి. వ్యాపారి దగ్గర 100 పౌండ్ల పైబడిన వస్తువును నేరుగా క్రెడిట్ కార్డుతో కొంటే 1974 నాటి కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్ 75వ సెక్షన్ కింద కార్డు కంపెనీనీ అడగవచ్చు. వ్యాపారి అమ్మినదానిలో లోపం ఉంటే 30 రోజుల్లోపు తిరిగి ఇచ్చేసి డబ్బు వెనక్కి అడిగే హక్కు 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ఇస్తుంది. వ్యాపారి దగ్గర ఆన్‌లైన్‌లో కొన్నదానికి 14 రోజుల రద్దు హక్కు వేరే ఉంది, అయితే మీ కొలతలు ఇచ్చి కుట్టించుకున్న డ్రైసూట్‌కు అది వర్తించదు. కొలతలు పంపే ముందు ఒకటికి రెండుసార్లు, అండర్‌సూట్ వేసుకునే, ఇంకొకరి చేత కొలిపించుకోండి.