మూడు కిలోల ల్యాప్‌టాప్‌కి మూడు లక్షలు పెట్టొచ్చా? పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవాడి మాట

కొనాలా వద్దా అని ఎవరు అడిగినా నేను ముందు బడ్జెట్ అడగను, మీ బరువైన పని ఎన్ని చోట్ల జరుగుతుందో చెప్పండి అంటాను. ఒకే గదిలో ఒకే టేబుల్ మీద జరిగేదైతే ఈ 16, 18 అంగుళాల భారీ ల్యాప్‌టాప్‌ల జోలికి వెళ్లొద్దు. ఆ డబ్బుతో మంచి డెస్క్‌టాప్ వస్తుంది, పక్కన ఒక చిన్న ల్యాప్‌టాప్ కూడా వస్తుంది. అదే ఈరోజు భీమవరం, ఎల్లుండి గుంటూరు, మధ్యలో ఒక రాత్రి ఆఫీసులో కలర్ (వీడియో రంగులు సరిచేయడం) అంటూ తిరిగే పని అయితే మాత్రం వీటి బదులు ఇంకేదీ పనికిరాదు. నేను విజయవాడలో ఉంటూ పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను, కాబట్టి ఇందులో రాసేదంతా ఆ పని వైపు నుంచి చూసిందే.

నా దగ్గర ఉన్నది 18 అంగుళాలది. ఇంటెల్ కోర్ ఐ9 13900హెచ్‌ఎక్స్ ప్రాసెసర్, ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4080 గ్రాఫిక్స్, 64 జీబీ ర్యామ్. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, ఈ తరగతిలో ఎవరిది కొన్నా మంచీ చెడూ ఇంచుమించు ఇవే. మెషీన్ మూడు కిలోల పైన, 330 వాట్ల ఛార్జర్ ఇంకో కిలో పైన, రెండూ కలిపి నాలుగు కిలోలు దాటుతుంది. ఎంఎస్‌ఐ టైటన్ 18 లాంటిది అయితే మెషీనే మూడున్నర కిలోల పైన ఉంటుంది. మామూలు 15.6 అంగుళాల బ్యాగులో ఇవి పట్టవు, బ్యాగు కూడా వేరేది కొనాలి.

అసలు ఇంత బరువు ఎందుకు మొయ్యాలి అంటే, సేమ్ డే ఎడిట్ కోసం. తెల్లవారుజామున ముహూర్తం, సాయంత్రం రిసెప్షన్, ఆ రిసెప్షన్‌లో ఎల్‌ఈడీ వాల్ మీద జీలకర్ర బెల్లం దగ్గర నుంచి అప్పగింతల దాకా నాలుగైదు నిమిషాల వీడియో పడాలి. మూడు కెమెరాలు, ఒక డ్రోన్, కార్డులన్నీ రెండు ఎస్‌ఎస్‌డీల్లోకి కాపీ అవుతుండగానే కటింగ్ మొదలుపెట్టాలి. చిన్న ల్యాప్‌టాప్ మీద ఇది చేయలేమని కాదు, ప్రాక్సీలు (ఎడిటింగ్ కోసం చేసుకునే తేలికైన నకళ్లు) తయారు చేసుకుని చేయొచ్చు, కానీ ఆ ప్రాక్సీలు తయారయ్యే సమయమే మనకి ఉండదు. తలంబ్రాల షాట్ మూడు యాంగిల్స్‌లో ఒకేసారి ఆడించి ఏది బాగుందో అక్కడికక్కడ ఎంచుకోగలగడం, అమ్మాయి వాళ్ల నాన్న వచ్చి "బాబూ, మా అమ్మ ఉన్న ముక్క ఒకటి పెట్టు" అంటే ఆయన ముందే వెతికి పెట్టగలగడం, ఈ రెండింటికీ నేను డబ్బు పెట్టాను, ఆ డబ్బు వచ్చేసింది.

ఇంకోటి కరెంటు. ఫంక్షన్ హాల్లో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు కొన్ని సెకన్ల ఖాళీ ఉంటుంది. డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ కూడా మోసుకెళ్లాలి. కొంతమంది చిన్న క్యాబినెట్, మానిటర్, యూపీఎస్ కార్లో వేసుకుని వెళతారు, డబ్బు తక్కువ, స్పీడ్ ఎక్కువ, నేను కాదనను. కానీ వైర్లన్నీ కలిపి మొదలుపెట్టేసరికి అరగంట పోతుంది, పైగా మనకి ఇచ్చేది ఎప్పుడూ మెట్ల కింద గదో, వంటవాళ్ల సామాను పక్కన మూలో. అక్కడ ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక ప్లగ్ దొరికితే నా ల్యాప్‌టాప్ నడిచిపోతుంది.

ప్లగ్ అన్నాను చూడండి, అది తప్పనిసరి. బ్యాటరీ మీద ఇది సగం మెషీన్ కూడా కాదు. విమానం క్యాబిన్‌లోకి ప్రత్యేక అనుమతి లేకుండా 100 వాట్-అవర్ల వరకే బ్యాటరీని రానిస్తారు, అందుకే పెద్దవాటిలో కూడా 99 దగ్గరే ఆగిపోతారు. మెషీన్ నిండుగా పనిచేస్తూ 300 వాట్లు లాగితే ఆ బ్యాటరీ 20 నిమిషాల సరుకు. నిజానికి బ్యాటరీ అంత కరెంటు ఒక్కసారిగా ఇవ్వలేదు కూడా, కాబట్టి ప్లగ్ తీయగానే ప్రాసెసర్‌నీ గ్రాఫిక్స్‌నీ మెషీనే బాగా తగ్గించేస్తుంది. రైల్లో కూర్చుని రెండర్ పెట్టేద్దాం అనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకోండి, బెర్త్ దగ్గరున్న సాకెట్లు ఇంత లోడు కోసం పెట్టినవి కావు.

ఇప్పుడు అసలు విషయం, షాపులో ఎవరూ విడమరిచి చెప్పనిది. ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ పేరూ డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ పేరూ ఒకటే ఉంటాయి, లోపలి సరుకు ఒకటి కాదు. డెస్క్‌టాప్ ఆర్‌టీఎక్స్ 4090లో 16,384 కోర్లు, 24 జీబీ మెమరీ, 450 వాట్లు. ల్యాప్‌టాప్ 4090లో 9,728 కోర్లు, 16 జీబీ, ఎంత లాగినా 175 వాట్లు. అంటే అందులో ఉన్నది డెస్క్‌టాప్ 4080లో వాడిన చిప్, అది కూడా సగం కరెంటు మీద. ఈ 40 సిరీస్ తర్వాత వచ్చిన 50 సిరీస్‌లోనూ ఇదే కథ: డెస్క్‌టాప్ 5090కి 21,760 కోర్లు, 32 జీబీ, ల్యాప్‌టాప్ 5090కి 10,496 కోర్లు, 24 జీబీ. మూడు లక్షలు దాటి నాలుగు లక్షల వైపు వెళ్లే మెషీన్ మీద ఆ పేరు చూసి డెస్క్‌టాప్ 5090 వేగం వస్తుందని ఎవరైనా అనుకుంటే తప్పు వాళ్లది కాదు, అలా పేరు పెట్టినవాళ్లది. ఇది నాకు నిజంగా కోపం తెప్పించే విషయం.

అంతటితో అయిపోలేదు. ఒకే పేరున్న చిప్‌కి ఎన్ని వాట్లు ఇవ్వాలో ల్యాప్‌టాప్ కంపెనీ నిర్ణయించుకుంటుంది. ల్యాప్‌టాప్ 4060ని 35 వాట్ల నుంచి 115 వాట్ల దాకా ఎక్కడైనా పెట్టొచ్చు. సన్నటి మెషీన్‌లో తక్కువ వాట్ల మీద ఉన్న 4070 కంటే, లావు మెషీన్‌లో నిండుగా కరెంటు తాగే 4060 కొన్ని పనుల్లో దీటుగా నడుస్తుంది. అందుకే కొనేముందు కంపెనీ సైట్‌లో స్పెసిఫికేషన్ల పేజీ తెరిచి టీజీపీ (గ్రాఫిక్స్‌కి గరిష్ఠంగా ఇచ్చే వాట్లు) అనే అంకె వెతకండి. ఆ అంకె రాయకుండా దాచిన మోడల్‌ని నేనైతే పక్కన పెట్టేస్తాను.

గ్రాఫిక్స్ మెమరీ కూడా చూడాలి. ల్యాప్‌టాప్ 5070ని కూడా 8 జీబీతోనే తెచ్చారు. డావిన్చి రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫోర్‌కే టైమ్‌లైన్ మీద టెంపోరల్ నాయిస్ రిడక్షన్ (వీడియోలో చుక్కలు తగ్గించే ఎఫెక్టు) పెట్టి, పైన ఇంకో రెండు ఎఫెక్టులు వేస్తే, జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) మెమరీ నిండిపోయిందన్న మెసేజ్ రావడానికి ఎంతోసేపు పట్టదు. మండపంలో లైటు తక్కువగా ఉన్న ఫుటేజ్‌కి నాయిస్ రిడక్షన్ లేకుండా మన పని గడవదు. అందుకని 12 జీబీ కంటే తక్కువది ఎడిటింగ్‌కి కొనొద్దు అని నా గట్టి అభిప్రాయం.

సోనీ కెమెరాలు వాడేవాళ్లకి ఇంకో ముఖ్యమైన సంగతి. ఎఫ్‌ఎక్స్3, ఏ7 ఫోర్ లాంటి వాటిలో 4:2:2 10-బిట్ హెచ్.265లో (రంగుల వివరం ఎక్కువ ఉంచి, ఫైలుని బాగా కుదించే ఫార్మాట్) షూట్ చేస్తే, దాన్ని సాఫీగా ఆడించేది ఇంటెల్ ప్రాసెసర్‌లో ఉండే క్విక్ సింక్ అనే వీడియో ఆడించే భాగం. ఎన్విడియా 40 సిరీస్‌కి ఆ పని రాదు, 50 సిరీస్‌లోనే వచ్చింది. కాబట్టి ఏఎండీ ప్రాసెసర్ పక్కన 40 సిరీస్ కార్డు ఉన్న మెషీన్ గేమ్స్‌లో ఎంత దుమ్ము లేపినా, ఆ ఫుటేజ్ దగ్గరకి వచ్చేసరికి తడబడుతుంది. 4:2:2నే హెచ్.264లో షూట్ చేస్తే నా 13900హెచ్‌ఎక్స్ లాంటి వాటిలో క్విక్ సింక్ కూడా సాయం చేయదు, 50 సిరీస్ అయితే ఆడిస్తుంది. ఇంటెల్ ఉన్నవాళ్లు కూడా ఒకటి గమనించండి: కంపెనీ యాప్‌లో గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే వాడే మోడ్ పెడితే చాలా మోడళ్లలో ఇంటెల్ గ్రాఫిక్స్ ఆగిపోతుంది, దాంతో క్విక్ సింక్ కూడా పోతుంది. నిన్నటిదాకా బాగా ఆడిన టైమ్‌లైన్ ఈరోజు ముక్కలు ముక్కలుగా ఆడుతోందంటే ముందు అది చూసుకోండి.

వేడి, చప్పుడు. ఏప్రిల్, మే నెలల్లో బెజవాడ ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు, పెళ్లిళ్లు ఉండేదీ అప్పుడే. గది 40 డిగ్రీలు ఉంటే ఫ్యాన్ లోపలికి లాగేదే వేడి గాలి, ప్రాసెసర్ 95 డిగ్రీల పైకి వెళ్లి తన వేగం తనే తగ్గించుకుంటుంది. రెండర్ పెట్టినప్పుడు పక్క మనిషితో గొంతు పెంచి మాట్లాడాలి, ఆడియో మిక్సింగ్ హెడ్‌ఫోన్స్ లేకుండా కుదరదు. ఏసీ గది అడగడానికి మొహమాటపడకండి, అగ్రిమెంట్‌లోనే రాయించుకోండి. వెనక వైపు రెండు అంగుళాలు ఎత్తి పెట్టినా తేడా తెలుస్తుంది.

దుమ్ము ఇంకో పెద్ద శత్రువు. హోమం పొగ, సాంబ్రాణి, పూల పొడి అన్నీ కలిసి లోపల వేడిని బయటికి పంపే సన్నటి రెక్కల మధ్య చాప అల్లినట్టు పేరుకుంటాయి. ఏడాదికి ఒకసారైనా విప్పించి శుభ్రం చేయించాలి. అయితే కొన్ని మోడళ్లలో ప్రాసెసర్ మీద రాసే మామూలు పేస్ట్ బదులు లిక్విడ్ మెటల్ ఉంటుంది, అది కరెంటు ప్రవహించే పదార్థం, తెలియనివాళ్లు విప్పితే బోర్డు మీద పడి బోర్డే పోతుంది. ఇచ్చేముందు ఆ షాపు అతన్ని అడగండి, ఇంతకుముందు ఇలాంటిది విప్పారా అని.

బోర్డు పోతే ఏమవుతుందో కూడా తెలుసుకుని కొనాలి. ర్యామ్, ఎస్‌ఎస్‌డీ మార్చుకోవచ్చు, ప్రాసెసర్, గ్రాఫిక్స్ మాత్రం మదర్‌బోర్డుకే అతికించి ఉంటాయి. ఒకటి పోతే మొత్తం మార్చాల్సిందే. నాకు తెలిసిన ఎడిటర్ ఒకాయనకి వారంటీ అయిపోయాక బోర్డు పోయింది, సర్వీస్ సెంటర్ చెప్పిన ఖర్చు విని ఆయన కొత్తదే కొనుక్కున్నారు. కాబట్టి మూడేళ్ల ఆన్‌సైట్ (మన దగ్గరికే వచ్చి బాగుచేసే) వారంటీని ల్యాప్‌టాప్ ధరలో భాగం అనుకోండి, అది కలిపినా మీ చేతికి అందే ధరైతేనే ముందుకెళ్లండి. డెస్క్‌టాప్‌కి ఈ బాధ లేదు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళితే ఏ భాగానికి ఆ భాగం దొరుకుతుంది, పాత కార్డు అమ్మేసి కొత్తది పెట్టుకోవచ్చు.

లెక్క కూడా చూద్దాం. ల్యాప్‌టాప్ మీద జీఎస్టీ 18 శాతం, మీకు రిజిస్ట్రేషన్ ఉండి బిల్లు ఆ పేరు మీద తీసుకుంటే ఇన్‌పుట్ క్రెడిట్‌గా వెనక్కి వస్తుంది. ఆదాయపు పన్ను లెక్కల్లో కంప్యూటర్లకి తరుగుదల 40 శాతం. మూడు లక్షల మీద ఆ తేడా చిన్నది కాదు, మీ ఆడిటర్‌తో కొనేముందే మాట్లాడుకోండి.

మ్యాక్‌బుక్ తీసుకోవచ్చు కదా అంటారు. వట్టి ఎడిటింగే అయితే నిజమే, 16 అంగుళాల మ్యాక్‌బుక్ ప్రో రెండు కిలోల పైన కొంచెం, ఛార్జర్ 140 వాట్లు, ప్లగ్ తీసినా వేగం ఇంచుమించు తగ్గదు, 4:2:2 హెచ్.265ని చక్కగా ఆడిస్తుంది. నేను తీసుకోకపోవడానికి కారణం మా పని పద్ధతి. నా పాత ప్రాజెక్టులు బోలెడు ఎడియస్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి, అది విండోస్‌లోనే నడుస్తుంది. తెలుగు టైటిళ్లు అను ఫాంట్లలో కొట్టడం అలవాటు, అదీ నేను విండోస్‌లోనే చేస్తాను. ఈ రెండూ మీకు అడ్డం కాకపోతే మ్యాక్ వైపు చూడండి, మీ భుజం నొప్పి తగ్గుతుంది.

ఇంజినీరింగ్‌లో చేరే పిల్లల తల్లిదండ్రులు కూడా అడుగుతుంటారు, సీఎస్‌ఈ కదా పెద్దది కొనాలేమో అని. వద్దండి. కోడింగ్‌కి కిలోన్నర ల్యాప్‌టాప్, 16 జీబీ ర్యామ్ చాలు, మెషీన్ లెర్నింగ్ నేర్చుకోవడానికి గూగుల్ కోలాబ్ లాంటివి బ్రౌజర్‌లోనే ఉన్నాయి. రోజూ కాలేజీ బస్సులో నాలుగు కిలోలు మోయించడం ఎందుకు? వాడికి గేమ్స్ కావాలంటే ఆ మాట సూటిగా మాట్లాడుకుని ఒక మామూలు 4060ది కొనండి. ఎంఎస్‌కి అమెరికా వెళ్లేవాళ్లకీ ఇదే చెప్తాను. ఛార్జర్ అక్కడి కరెంటుకీ పనికొస్తుంది, ప్లగ్ మార్చుకుంటే సరిపోతుంది, కానీ వారంటీ అక్కడ చెల్లుతుందో లేదో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

సెకండ్ హ్యాండ్ అయితే 4080 మెషీన్లు నా దృష్టిలో మంచి బేరం, ధర బాగా దిగుతుంది, పనిలో ఇంకా చాలా బలం ఉంటుంది. కొనేటప్పుడు సీరియల్ నంబర్‌తో వారంటీ చూడండి, బల్ల మీద పెట్టి కింది మూత ఉబ్బిందేమో చూడండి, ఉబ్బితే బ్యాటరీ పోయినట్టే. ఛార్జర్ ఒరిజినల్‌దేనా, దాని మీద వాట్లు మోడల్‌కి సరిపోయాయా చూసుకోండి. ఆ తర్వాత మీ ప్రాజెక్టే ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి, అరగంట రెండర్ పెట్టి పక్కనే కూర్చోండి. అరగంట వద్దు, ఐదు నిమిషాలు చాలు అని అమ్మేవాళ్లు తొందరపెడితే లేచి వచ్చేయండి.