తొమ్మిదో తరగతికి హెచ్‌టీఎంఎల్: నోట్‌ప్యాడ్ మేలా, ఎడిటర్ మేలా?

బళ్లు తెరిచిన మొదటి వారంలో మా కంప్యూటర్ ల్యాబులో ఏటా ఒక తగువు తప్పదు. వెబ్ పేజీలు రాసే భాష హెచ్‌టీఎంఎల్‌ను పిల్లల చేత దేనిలో రాయించాలన్నదే ఆ తగువు. విండోస్‌తోనే వచ్చే మామూలు నోట్‌ప్యాడ్‌లోనా, కోడ్ రాయడానికి సాయం చేసే వీఎస్ కోడ్ లాంటి ఎడిటరులోనా? నాతోపాటు పాఠం చెప్పే కుర్ర మాస్టారు, "ఇంకా నోట్‌ప్యాడ్ ఏమిటి సార్? వీఎస్ కోడ్ వేసి మొదలుపెడదాం" అంటారు. నేను తల అడ్డంగా ఊపుతాను. ఇద్దరి వాదనలోనూ సగం నిజం ఉందని ఒప్పుకోవడానికి నాకు మూడు బ్యాచులు పట్టింది.

మాది విజయవాడలో, ఏలూరు రోడ్డుకు నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న మధ్యతరగతి బడి. తొమ్మిదో తరగతిలో 41 మంది పిల్లలు, ల్యాబులో 18 కంప్యూటర్లు. వాటిలో తొమ్మిది ఇప్పటికీ విండోస్ 7 మీదే నడుస్తున్నాయి. ఏది మేలో తేల్చేటప్పుడు ఈ లెక్కను పక్కన పెట్టలేం.

ముందు సులువుగా తేలిపోయేదాని సంగతి. గూగుల్ సైట్స్ లాంటి వాటిలో పెట్టెలను మౌసుతో లాగి పెడితే పేజీ తయారైపోతుంది. ఒక్క పీరియడులో ప్రకాశం బ్యారేజీ మీద అందమైన పేజీ వచ్చేస్తుంది, తల్లిదండ్రుల సమావేశంలో చూపించుకోవచ్చు. అయితే ఏ ముక్క ఏమిటో బ్రౌజరుకు చెప్పే గుర్తు, అంటే ట్యాగు, పిల్లవాడి కంటికి అందులో ఒక్కటీ కనబడదు. సైన్సు ఫెయిర్‌కు పేజీ కావాలంటే వాడండి, హెచ్‌టీఎంఎల్ పాఠానికి మాత్రం వద్దు.

అసలు పోటీ నోట్‌ప్యాడ్‌కూ ఎడిటర్‌కూ మధ్యనే. ఆ రెండింటికీ ముందు నేను ఒక పీరియడు కంప్యూటర్లు ఆన్ చేయనివ్వను. ఇద్దరికొకటి చొప్పున పాత దినపత్రిక, ఒక ఎర్ర పెన్ను ఇస్తాను. బడికి రాకముందు నేను ప్రెస్సులో డీటీపీ చేసేవాణ్ణి, అది అక్కడి అలవాటే. హెచ్‌టీఎంఎల్ పేరులో ఉన్న మార్కప్ అన్న మాట పుట్టింది కూడా అచ్చుపనిలోనే. ఏ అక్షరం ఎంత సైజులో పడాలో, ఏ ముక్క శీర్షికో రాతప్రతి మీదే గుర్తులు పెట్టి కంపోజింగుకు పంపేవారు. పిల్లలూ అదే చేస్తారు. బ్యానర్ వార్త శీర్షికకు హెచ్1, దాని కింది ఉపశీర్షికకు హెచ్2, పేరాకు పీ, ఫొటోకు ఐఎంజీ అని రాస్తారు. గుంటూరు మిర్చి యార్డు ధరల పెట్టె దొరికితే నాకు పండగే. వరసకు టీఆర్, గడికి టీడీ అని గీతలు గీసేసరికి పట్టిక పాఠం సగం అయిపోయినట్టే.

మొన్న ఒక అమ్మాయి అడిగింది: "సార్, ఇక్కడ బాక్సు కట్టిన మాట శీర్షిక కంటే పెద్ద అక్షరాల్లో ఉంది. అయితే ఇదే హెచ్1 కదా?" కాదమ్మా, అది పేరాలోని మాటే, పెద్దగా వేశారంతే, అన్నాను. ట్యాగు చెప్పేది ఆ ముక్క ఏమిటన్నది. అది ఎలా కనబడాలన్నది సీఎస్ఎస్ అనే మరో భాష చూసుకుంటుంది. హెచ్‌టీఎంఎల్‌లో పిల్లలకు అందాల్సిన అసలు సంగతి ఇదే. అక్షరం పెద్దగా కావాలని పేరాకు హెచ్1 తగిలించే అలవాటు ఒకసారి పడితే ఇంటరుకు వెళ్లినా వదలదు.

ఇక నోట్‌ప్యాడ్. దీని గొప్పంతా ఏ సాయమూ చేయకపోవడంలోనే ఉంది. తప్పు రాస్తే తప్పు అలాగే ఉంటుంది, బ్రౌజరు దానికి ఎర్రటి హెచ్చరికేమీ ఇవ్వదు, తనకు తోచినట్టు చూపించి ఊరుకుంటుంది. అందుకే తప్పును వెతికి పట్టుకోవడం ఇక్కడ ఒక ఆట అవుతుంది. పోయిన ఏడు ఒక పిల్లవాడి పేజీ తెల్లకాగితంలా వచ్చింది. "సార్, కంప్యూటర్ పాడైపోయింది" అన్నాడు. బ్రౌజరులో ట్యాబు మీద ఏముందో చదవమన్నాను. అక్కడ "మా ఊరు" తర్వాత బాడీ, హెచ్1 అని వాడు రాసిన ట్యాగులు కనబడుతున్నాయి. పేజీ పేరు చెప్పే టైటిల్ ట్యాగు మూయలేదన్న మాట. అది మూసేదాకా కింద ఉన్నదంతా పేరులో భాగమేనని బ్రౌజరు అనుకుంటుంది, పేజీ మొత్తం ఆ పేరులోకి వెళ్లిపోతుంది. వాడు ఒక్క స్లాషుతో ముగింపు ట్యాగు రాసి సేవ్ చేసి ఎఫ్5 నొక్కాడు. బ్యారేజీ ఫొటో, "1957లో పూర్తయింది, 70 గేట్లు" అన్న వాక్యం రెండూ తెరమీదికి వచ్చాయి. వెనక బెంచీ నుంచి కూడా లేచి వచ్చి చూశారు. ఆ రోజు నుంచి మా తరగతిలో టైటిల్ మూయడం ఎవరూ మరచిపోలేదు.

ఎడిటరులో ఈ సంఘటన జరిగేదే కాదు. వీఎస్ కోడ్‌లో ట్యాగు తెరవగానే ముగింపు ట్యాగు తనంతట తానే వచ్చి కూర్చుంటుంది. ఆశ్చర్యార్థకం గుర్తు కొట్టి ట్యాబ్ మీట నొక్కితే హెడ్, బాడీతో సహా అస్థిపంజరం మొత్తం వచ్చేస్తుంది. పనిచేసేవాడికి ఇది వరమే. మొదటి నెల పిల్లవాడికి మాత్రం ఆ అస్థిపంజరం ఎక్కడి నుంచో ఊడిపడిన మంత్రంలా ఉంటుంది. పరీక్షలో కాగితం మీద రాయమంటే తెల్లమొహం వేస్తాడు. దానంతట అది ముగింపు ట్యాగు పెట్టిందని గమనించక తానూ ఒకటి రాసి, రెండేసి ముగింపులతో నా దగ్గరికి వచ్చేవాళ్లు కూడా ఉన్నారు.

అలాగని నోట్‌ప్యాడ్‌ను నెత్తిన పెట్టుకోను. దాని ఇబ్బందులు నాకు తెలిసినంతగా మాస్టారికి కూడా తెలియవు. మొదటిది ఫైలు పేరు. డాట్ హెచ్‌టీఎంఎల్ అని సేవ్ చేశానని పిల్లవాడు ఒట్టేస్తాడు. విండోస్ దాని వెనక చడీచప్పుడు లేకుండా డాట్ టీఎక్స్‌టీ తగిలిస్తుంది, పైగా ఆ తోకను దాచేస్తుంది. ఫోల్డరు సెట్టింగుల్లో ఎక్స్‌టెన్షన్లు కనబడేలా పెట్టేదాకా సగం తరగతి బ్రౌజరులో తమ ట్యాగులనే చూసుకుంటూ ఉంటుంది. రెండోది కొటేషన్ గుర్తు. లింకు చిరునామా రాసే హెచ్‌రెఫ్ పక్కన ఒక కొటేషన్ మూయకపోతే, మళ్లీ ఎక్కడో ఇంకో కొటేషన్ తగిలేదాకా మధ్యలోని వాక్యాలన్నీ మాయమవుతాయి. ఇక్కడ ఎడిటరే గెలిచింది. దాని రంగులు చూస్తే, ఎక్కడ తప్పిందో అక్కడి నుంచి కింద అంతా ఒకే రంగులోకి మారిపోతుంది. నోట్‌ప్యాడ్‌లో అదే తప్పు కోసం నేను కళ్లద్దాలు సవరించుకుంటూ ప్రతి కంప్యూటర్ దగ్గరికీ తిరగాలి.

మూడోది తెలుగు. పాత నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగు (అక్షరాలను ఫైలులో దాచే పద్ధతి) దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోకపోతే తెలుగంతా ప్రశ్నార్థకాలైపోతుంది. 2019లో విండోస్ 10కు వచ్చిన మార్పుతో నోట్‌ప్యాడ్ కొత్త ఫైళ్లను యూటీఎఫ్-8లోనే సేవ్ చేస్తోంది. మా విండోస్ 7 యంత్రాలకు ఆ భాగ్యం లేదు. ఏ కంప్యూటరైనా, పేజీ గురించి బ్రౌజరుకు చెప్పే మెటా ట్యాగులో యూటీఎఫ్-8 అని రాయడం మానకూడదు, లేకపోతే బ్రౌజరు తప్పుగా ఊహించవచ్చు. ఇక మా ఊరికే ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ప్రెస్సుల్లో పనిచేసే తండ్రుల పిల్లలు ఇంట్లో అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగు తెచ్చి అతికిస్తారు. అది తెలుగు ముసుగు వేసుకున్న రోమన్ అక్షరాల వరస. ముసుగు తీయగానే బ్రౌజరులో అర్థంపర్థం లేని గుర్తులు బయటపడతాయి. దీనికి నోట్‌ప్యాడూ ఎడిటరూ ఏమీ చేయలేవు, అన్ని కంప్యూటర్లూ గుర్తించే యూనికోడ్‌లోకి మార్చుకుని రావాల్సిందే. డీటీపీ చేసిన చేతులు కాబట్టి ఆ సంగతి చెప్పడానికి నాకు మాత్రం భలే ఉత్సాహంగా ఉంటుంది.

వర్డ్‌లో టైపు చేసి తెచ్చేవాళ్లు ఇంకో రకం. అది మామూలు కొటేషన్లను వంకర కొటేషన్లుగా మార్చేస్తుంది, వాటిని బ్రౌజరు కొటేషన్లుగా గుర్తించదు, అందుకే ఫొటో కనబడదు. వర్డ్ వద్దని మొదటి రోజే చెప్పేయండి.

ఇంటిపనికి ఫోను తప్ప దిక్కులేని పిల్లలు సగానికి పైగా ఉన్నారు. ఫోనులో కోడ్ రాసే యాప్‌లు దొరుకుతాయి, రాసింది వెంటనే కనబడుతుంది కూడా. అయితే కోణపు బ్రాకెట్టు కోసం కీబోర్డులో రెండు పొరలు మార్చుకోవాలి. పది వరసలు దాటితే పిల్లలకు విసుగు పుడుతుంది. అందుకే ఇంటిపనిగా రాయమని ఇవ్వను. తప్పులున్న ఆరేడు వరసలు బోర్డు మీద రాసి, దిద్దుకుని రమ్మంటాను.

ఎన్ని ట్యాగులు నేర్పాలన్న దాని మీద మాస్టారికీ నాకూ తగువు లేదు. టిమ్ బర్నర్స్‌లీ 1991లో బయటపెట్టిన తొలి జాబితాలో ఉన్నవి 18 ట్యాగులే. తర్వాత వచ్చిన బొమ్మనూ పట్టికనూ కలుపుకుంటే తొమ్మిదో తరగతికి అంత చాలు. పాత గైడ్లలో ఉండే ఫాంట్, సెంటర్, మార్క్యూ ట్యాగులను హెచ్‌టీఎంఎల్5 ప్రమాణం పక్కన పెట్టేసింది. అయినా మార్క్యూను ఒక్క రోజు వాడనిస్తాను. టీవీలో వార్తల పట్టీలా తమ పేరు తెర మీద పరుగెత్తుతుంటే పిల్లల మొహాలు చూడాలి.

తేల్చింది ఇది. వారానికి రెండు పీరియడ్లు, ఏడాదంతా దొరికే బడిలో మొదటి ఎనిమిది పీరియడ్లూ నోట్‌ప్యాడే మేలు. చూడకుండా అస్థిపంజరం రాయగలిగినవాళ్లనూ పక్కవాడి పేజీలో తప్పు పట్టగలిగినవాళ్లనూ ఆ తర్వాత ఎడిటరుకు పంపాలి. మొత్తం మీద పది పీరియడ్లే దొరికే బడిలో మాస్టారి మాటే మేలు, నేరుగా ఎడిటరుతోనే మొదలుపెట్టాలి. ఎందుకంటే మా పిల్లల టైపింగు వేగానికి 40 నిమిషాల పీరియడులో 25 నిమిషాలు మీటలు వెతకడానికే పోతాయి, పోయిన కొటేషన్ కోసం వెతుక్కునే తీరిక ఉండదు. అప్పుడు కూడా ఎడిటరు సెట్టింగుల్లో ట్యాగులనూ కొటేషన్లనూ తనంతట తాను మూసే సౌకర్యాన్ని ఆపేయాలి. రంగులు ఉంటాయి, ఊతకర్ర ఉండదు. విండోస్ 7 యంత్రాల్లో వీఎస్ కోడ్ కొత్త వెర్షన్లు పనిచేయవు కాబట్టి అక్కడ నోట్‌ప్యాడ్ ప్లస్ ప్లస్ వేసుకోవాలి. పేరు దగ్గరగా ఉన్నా అది పూర్తిగా వేరే సరుకు, రంగులూ వరస నంబర్లూ అందులో ఉంటాయి.

ఈ ఏడు మాకు దక్కింది వారానికి రెండు పీరియడ్లు. ఎడిటర్లలో సెట్టింగులు మార్చే పని మాస్టారు తీసుకున్నారు. 18 కంప్యూటర్లలోనూ ఫైలు ఎక్స్‌టెన్షన్లు కనబడేలా టిక్కు పెట్టే పని నాకు పడింది. పాత దినపత్రికలు స్టాఫ్ రూములో పోగవుతున్నాయి, మిర్చి ధరల పేజీలు మాత్రం నేను విడిగా తీసిపెడుతున్నాను.