మనసు నిలవనివాళ్లకు ఏ మాల మేలు?

"జపానికి కూర్చుంటే మనసు నిలవట్లేదు, ఏ పద్ధతి అయితే కుదురుతుంది?" నేను తులసిమాల పట్టుకున్నానని తెలిసినప్పటి నుంచీ కనీసం పదిమంది ఇదే అడిగారు. చాలామందికి పూసల మీదే అనుమానం, తులసి మంచిదా, రుద్రాక్షా, స్ఫటికమా అని. వైష్ణవులైతే తులసి, శైవులైతే రుద్రాక్ష, స్ఫటికం కొట్టువాడికి మంచిది. పూస ఏదైనా మనసు పారిపోవడం మాత్రం ఖాయం. పారిపోయినప్పుడు ఆ పద్ధతి మనల్ని ఏం చేయమంటుంది అన్నదే నా లెక్కలో అసలు ప్రశ్న. దేవుడి పేరు లెక్కపెట్టి తలుచుకోవడం చాలా మతాల్లో ఉంది కాబట్టి పక్కపక్కన పెట్టి చూడొచ్చు.

మా ఇంటి నుంచే మొదలుపెడతా. అమ్మ రామకోటి రాస్తుంది. రోజుకి వెయ్యి నామాలు తప్పకుండా రాసినా కోటి అవడానికి 27 ఏళ్లు దాటుతుంది, ఆ లెక్క ఆవిడ దగ్గర ఎత్తకూడదు. మొన్న పుస్తకం తిరగేస్తుంటే గళ్లన్నీ శ్రీరామ శ్రీరామ అని బారుగా వెళ్తూ ఒకచోట 'శ్రీపాల' అని కనిపించింది. పాలు పొయ్యి మీద పెట్టి వచ్చి కూర్చుందట. కొట్టెయ్యలేదు. "రాముడికి తెలుసులే" అంది. దీనికి మన దగ్గర గట్టి ఆధారమే ఉంది. భాగవతంలో అజామిళుడు చచ్చిపోతూ భయంతో కొడుకుని "నారాయణా" అని పిలిస్తే విష్ణుదూతలు వచ్చి యమభటుల్ని ఆపేశారు, అంటే మనసు ఎక్కడున్నా పేరు తన పని తాను చేసుకుపోతుందన్నమాట. వినడానికి హాయిగానే ఉంది కానీ 108 పూసలు తిప్పేటప్పుడు నాకు పెద్దగా అక్కరకు రాలేదు. మాల చివరుండే పెద్దపూస, మేరుపూస, తగిలి మాల వెనక్కి తిప్పాల్సి వచ్చినప్పుడు గానీ తెలిసేది కాదు, ఈ చుట్టులో సగం పైన ఈఎంఐ గురించే గడిచిందని. ఇస్కాన్ భక్తులు రోజుకి 16 మాలలు, అంటే హరేకృష్ణ మహామంత్రం 1,728 సార్లు చేస్తారు. వాళ్ల ఓపికకు దండం పెట్టడం తప్ప నేను చేయగలిగింది లేదు.

ముస్లింల తస్బీహ్ దీనికి పూర్తిగా వేరు. నమాజు అయ్యాక సుబ్ హానల్లాహ్ 33, అల్ హమ్దులిల్లాహ్ 33, అల్లాహు అక్బర్ 34, మొత్తం వంద, అయిపోయింది. పూసలే కావాలని లేదు, వేళ్ల మీద లెక్కపెట్టుకునేవాళ్లూ ఉన్నారు. ప్రవక్త కుమార్తె ఫాతిమా తిరగలి తిప్పీ తిప్పీ చేతులు నొప్పెట్టి, పనికి ఒక మనిషి కావాలని అడిగితే, అంతకన్నా మేలైనది చెప్తానని పడుకునే ముందు ఈ మూడింటినీ ఇన్నేసిసార్లు అనమని ఆయన నేర్పారని హదీసు (ప్రవక్త మాటలు, నడవడి చెప్పే ఉల్లేఖనం). పని చేసి అలిసిపోయిన మనిషికి ఇచ్చిన జపం కాబట్టే ఇంత పొట్టిగా ఉందేమో అనిపిస్తుంది నాకు. పైగా 33 దగ్గర మాట మారుతుంది, ఆ మార్పుకే మనసు ఉలిక్కిపడి వెనక్కి వస్తుంది. ఒకటుంది, పనుల విలువ సంకల్పాన్ని బట్టే అనేది వాళ్లకు చాలా పెద్ద మాట. అజామిళుడి కథ చెప్పి తప్పించుకోవడం అక్కడ కుదరకపోవచ్చు.

జపాన్‌లో షిన్రాన్ అనే బౌద్ధ గురువు (13వ శతాబ్దం) మరీ తెగించి చెప్పాడు. "నము అమిద బుత్సు" (అమిద బుద్ధుడికి శరణు) అనడం మన సాధనే కాదు, ఆ బుద్ధుడు ఇప్పటికే కాపాడాడు కాబట్టి చెప్పుకునే కృతజ్ఞత మాత్రమే అన్నాడు. మన శ్రీవైష్ణవుల మార్జాల కిశోర న్యాయం అచ్చు ఇదే. పిల్లికూన ఏమీ పట్టుకోదు, తల్లే నోట కరుచుకుని మోసుకెళ్తుంది. అంత నమ్మకం ఉంటే ఇక ఏది మేలు అని అడగాల్సిన పనే లేదు, నాకింకా అంత లేదు.

ఇక కథోలికుల జపమాల. ఆఫీసులో నా పక్క సీటు ఆవిడది గుణదల, లంచ్‌లో ఆవిడ చెప్పేదాకా నేను ఇది కూడా ఒకే మాట పదేపదే అనడమే అనుకున్నా. మంగళవార్త జపం పదేసి చొప్పున ఐదుసార్లు, నిజమే. కానీ ఒక్కో పదికి క్రీస్తు జీవితంలోదో మరియమ్మ జీవితంలోదో ఒక ఘట్టం ఉంటుంది, దేవరహస్యం అంటారు. సోమ, శనివారాలు సంతోషం, మంగళ, శుక్రవారాలు దుఃఖం, బుధ, ఆదివారాలు మహిమ, గురువారం వెలుగు (ఇది 2002లో పోప్ రెండో జాన్ పాల్ చేర్చింది). నోరు జపం చేస్తుంటే మనసు ఆ ఘట్టంలో తిరుగుతుంది. సంతోష రహస్యాల్లో ఐదోది, పన్నెండేళ్ల యేసు జెరూసలేంలో తప్పిపోతే మూడు రోజులకి గుడిలో దొరకడం. "మా వాడి స్కూల్ బస్సు లేటైన రోజు నేను వేరే ఏమీ ఊహించుకోనక్కర్లేదండీ, ఆ తల్లి టెన్షనే నా టెన్షన్" అంది ఆవిడ. నాకు నచ్చింది ఇదే. మనసు తిరుగుతుందని ముందే ఒప్పుకుని, తిరగడానికి దానికో చోటు చూపించారు.

ప్రొటెస్టెంట్లలో ఎక్కువమందికి పూసలు లేవు, మత్తయి సువార్తలో వ్యర్థమైన మాటలు పదేపదే పలకొద్దని ఉంది కదా అని ఎక్కువగా సొంత మాటల్లోనే ప్రార్థిస్తారు. సిక్కుల సిమరన్ (నామస్మరణ), టిబెట్ వాళ్ల మణిచక్రం (మంత్రం ఉన్న, చేత్తో తిప్పే చక్రం) కూడా ఉన్నాయి, వాటి గురించి చెప్పేంత దగ్గరగా నేను చూడలేదు. వేలికి తొడుక్కునే డిజిటల్ కౌంటర్ మాత్రం వద్దు, నొక్కిన ప్రతిసారీ అంకె ఎంతయిందా అని చూడబుద్ధేస్తుంది.

నేను తులసిమాల వదల్లేదు, రామనామమూ మార్చలేదు. కానీ ఇప్పుడు ఒక్కో మాలకి రామాయణంలోంచి ఒక ఘట్టం పెట్టుకుంటున్నా, గుహుడి పడవ, శబరి ఆశ్రమం, అశోకవనంలో ఉంగరం ఇలా. రోజుకి మూడు మాలలు, ఇరవై నిమిషాలు, మునుపటికన్నా చాలా నయం. గుహుడి దగ్గర మాత్రం ఎంత గంగ అనుకున్నా పాపికొండల లాంచీయే కళ్లముందుకొస్తోంది, డీజిల్ వాసనతో సహా. సరేలే అని రాముణ్ని అందులోనే ఎక్కించేస్తున్నా.