కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం, ఆర్కే బీచ్: ఒక బోటు మెకానిక్ రివ్యూ

విశాఖ బీచ్ రోడ్డులో ఇసుక మీద కూర్చోబెట్టిన కురుసురని చాలామంది బయట నిలబడి ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. మా అక్కా బావా హైదరాబాద్ నుంచి వస్తే నేనూ అంతవరకే చూపించేవాణ్ని. ఈసారి టికెట్లు తీసుకుని లోపలికెళ్లాం. ఫిషింగ్ హార్బర్లో మరబోట్ల డీజిల్ ఇంజన్లు బాగుచెయ్యడం నా పని, కాబట్టి ఈ రివ్యూ కాస్త గ్రీజు వాసన కొడుతుంది.

91 మీటర్ల పొడవు, సోవియట్ తయారీ. 1969 డిసెంబరులో నేవీలో చేరింది, 2001 ఫిబ్రవరిలో రిటైరైంది, 2002 ఆగస్టు నుంచి మ్యూజియం. టార్పెడోలు, అంటే నీళ్లలో దూసుకెళ్లి ఓడల్ని పేల్చే బాంబులు, వదిలే గొట్టాలు ముందు ఆరు, వెనక నాలుగు. పిల్లలు అక్కడే అతుక్కుపోయారు. మా అక్క మాత్రం వంటగది దగ్గర ఆగింది. "డెబ్బై అయిదు మందికి ఇందులో వండేవారా? మనిషి తిరగడానికే చోటు లేదు!" అంది. మంచినీళ్లు తాగడానికీ వంటకీ చాలితే చాలు, స్నానం ఊసే ఉండేది కాదట.

నేను ఆగింది ఇంజన్ల దగ్గర. మూడు డీజిళ్లు, మూడు ప్రొపెల్లర్లు. ఒక్కో ఇంజను దాదాపు రెండు వేల హార్స్‌పవర్. మా బోట్లకి వందా నూటయాభై ఉంటే మహారాజు. కానీ నీళ్లలోకి దిగాక ఇవేవీ పనికిరావు. డీజిల్‌కి గాలి కావాలి కదా. పైకి తేలినప్పుడో, స్నార్కెల్ గొట్టం నీళ్లపైకి పెట్టినప్పుడో ఇంజన్లు నడిపి బ్యాటరీలు నింపుకోవాలి. ఆపైన లోతున మోటార్ల మీదే ప్రయాణం. ఇంజను నడిచిన ప్రతిసారీ ఎవరో ఒకరు వినే ప్రమాదం ఉంటుంది. పడవ మొత్తం కట్టిందే చప్పుడు చెయ్యకుండా, పక్కవాడి చప్పుడు వినడానికని నాకక్కడ అర్థమైంది.

నీళ్లలో చప్పుళ్లు పట్టే సోనార్ యంత్రం దగ్గర గైడుగారిని అడిగాను, "సార్, వినగానే ఏ ఓడో చెప్పెయ్యగలరా?" అని. అక్కడి గైడులు నేవీలో పనిచేసి రిటైరైనవాళ్లు. ఆయన నవ్వి, "నువ్వు ఇంజను చప్పుడు విని ఏ బేరింగు పోయిందో చెప్పవా బాబూ? ఇదీ అంతే, చెవికి అలవాటవ్వాలి" అన్నారు. అక్కణ్ణుంచి మా ఇద్దరికీ బాగా కుదిరింది. 1971 యుద్ధంలో ఇది అరేబియా సముద్రంలో గస్తీ తిరిగిందని చెప్పారు. మా బావ "మరి ఎన్ని ఓడల్ని ముంచింది?" అని అడిగాడు. అందరూ అడిగే ప్రశ్నే. గస్తీ అంటే ముంచడం కాదు, ఎవరు ఎక్కడున్నారో కనిపెట్టుకుని ఉండటం అని ఆయన ఓపిగ్గా చెప్పారు.

అదే యుద్ధంలో, డిసెంబరు 3 అర్ధరాత్రి వేళ, పాకిస్తాన్ సబ్‌మెరైన్ గాజీ విశాఖ తీరానికి దగ్గర్లోనే మునిగిపోయింది. చేపల వేటకెళ్లినవాళ్ల కళ్లకే దాని ఆనవాళ్లు ముందు పడ్డాయని మా హార్బర్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్లలా చెప్పుకోవడంలో కాస్త గర్వం కూడా ఉంటుందనుకోండి.

నాకు ఇంకా తెలుసుకోవాలనిపించింది ఈ రోజుల తీరం కాపలా గురించి. 2008లో ముంబై మీద దాడికొచ్చిన పదిమంది గుజరాత్ చేపల బోటు కుబేర్‌ని పట్టుకుని అందులో వచ్చారు. పైకి చూస్తే అది మామూలు వేట బోటే. దానికి టార్పెడో ఏం చేస్తుంది? 2009లో తీరం భద్రతతో సహా సముద్ర భద్రత మొత్తం బాధ్యత నేవీకి అప్పగించారు. కోస్ట్‌గార్డు, మెరైన్ పోలీసులు దానితో కలిసి పనిచేస్తున్నారు. మా వైపు బోట్లకి నంబర్లు, వేటగాళ్లకి కార్డులు అడగడం గట్టిగా మొదలైంది ఆ తర్వాతే. మొదట్లో మావాళ్లు సణుక్కున్నారు. ఇప్పుడు కొత్త బోటు కనిపిస్తే ఎవరిదని వాళ్లే ఆరా తీస్తారు. అనుమానం వస్తే 1093కి ఫోను చెయ్యొచ్చు. ఇదంతా నేను కదిపితే గైడుగారు పావుగంట చెప్పారు. మీరూ ఊరికే వినెయ్యకుండా అడగండి. అసలు సరుకు బోర్డుల మీద కాదు, ఆయన నోట్లో ఉంది.

మోకాళ్ల నొప్పులున్నవాళ్లు ముందే ఆలోచించుకోండి. గదికీ గదికీ మధ్య గుండ్రటి తలుపులు. ముందు కాలు పెట్టి, తల వంచి దూరాలి. పట్టుచీరా, చంకలో పిల్లాడితో అయితే యాతనే. సోమవారం సెలవు. ఆదివారం సాయంత్రం రద్దీ విపరీతం.

ఎదురుగా రోడ్డు దాటితే టీయూ-142 విమానం ఉంది, అదీ చూడాల్సిందే. 1988 నుంచి 2017 దాకా ఆకాశం నుంచి సబ్‌మెరైన్లని వెతికిన విమానమది. నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురు తిరిగే రెండేసి ప్రొపెల్లర్లు. దాక్కునేదీ వెతికేదీ రోడ్డుకి అటొకటి ఇటొకటి పెట్టినవాళ్లకి దండం పెట్టాలి. ముందు సబ్‌మెరైన్ చూసి, తర్వాత విమానం ఎక్కండి. అప్పుడే రెండోదాని పని ఏంటో తెలుస్తుంది.

నేనిచ్చేది నాలుగున్నర చుక్కలు. వెనక జనం వస్తుంటే ఇంజను గదిలో ఎక్కువసేపు నిలబడలేం, ఆ అర చుక్క అందుకు.